ఏడాదికి ఒక్క గుల్డెన్ అద్దె: ఆగ్స్‌బర్గ్ నగరంలో పేదల పేట

సంఘానికి విరాళం ఇచ్చేవారిలో చాలామంది రసీదు తీసుకుంటూ ఒక మాట అడుగుతారు: "ఈ డబ్బు దేనికి వాడతారు?" కొద్దిమంది పెద్దలు మాత్రం మరో మాట అడుగుతారు: "ఇది ఎంతకాలం పనికొస్తుంది?" మొదటి ప్రశ్నకు లెక్కల పుస్తకం జవాబు చెబుతుంది. రెండోదానికి జవాబు కావాలంటే బాగా పాతబడిన ధర్మసంస్థ ఏదైనా తీసుకుని, అది పుట్టిన నాటి నుంచి నేటి దాకా ఎలా నెగ్గుకొచ్చిందో చూడాలి. అలాంటిది ఒకటి జర్మనీలో ఉంది. అది మసీదుకో దర్గాకో చెందినది కాదు, ఒక క్యాథలిక్ వ్యాపారి కట్టించినది. అయినా వక్ఫ్ అంటే ఏమిటో తెలిసిన మన పాఠకులకు ఆ కథలో చాలా సంగతులు పరిచయమైనవిగానే అనిపిస్తాయి.

దక్షిణ జర్మనీలో, మ్యూనిక్ నగరానికి పడమరగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఆగ్స్‌బర్గ్ ఉంది. రోమన్ల కాలంలో వెలసిన ఊరు. మధ్యయుగంలో నేతపనికి, వెండి రాగి వ్యాపారానికి పెద్ద పేరు. పాత ఊరికి తూర్పున యాకోబర్ అనే శివారు పేట ఉంది. సాలెవాళ్లు, కూలిపని చేసుకునేవాళ్లు, చిన్నచిన్న చేతిపనులవాళ్లు ఆ వైపు ఉండేవారు. ఆ శివారులోనే, చుట్టూ గోడలు, రాత్రిపూట మూసే ద్వారాలు, లోపల ఎనిమిది సందులతో ఊళ్లో మరో చిన్న ఊరిలా ఉండే పేట పేరు ఫుగ్గెరై. ఇప్పుడు అందులో 67 ఇళ్లు, 140 వాటాలు, సుమారు 150 మంది నివాసులు. అక్కడ ఉండటానికి ఏడాదికి కట్టే అద్దె 88 యూరో సెంట్లు. మన డబ్బులో వంద రూపాయలలోపే. నెలకు కాదు, ఏడాదికి.

ఈ 88 సెంట్ల లెక్క ఎక్కడిదో ముందు చెప్పుకోవాలి. 1521లో పేట ధర్మపత్రం రాసినప్పుడు అద్దె ఏడాదికి ఒక రైనిష్ గుల్డెన్ అని పెట్టారు. గుల్డెన్ అప్పటి బంగారు నాణెం. చేతిపని చేసుకునేవాడికి సుమారు వారం రోజుల సంపాదన. అంటే అప్పుడు కూడా అది నామమాత్రపు అద్దే, కాని ఊరికే ఇచ్చింది కాదు. తర్వాత నాణేలు మారాయి, రాజ్యాలు మారాయి, మార్కులు వచ్చాయి, మార్కులు పోయి యూరోలు వచ్చాయి. ప్రతిసారీ ఆ ఒక్క గుల్డెన్‌ను కొత్త నాణెంలోకి మార్చి రాసుకున్నారే తప్ప అద్దె పెంచలేదు. గుల్డెన్ 1 మార్కు 72 ఫెన్నింగులయింది, అది 88 సెంట్లయింది. విద్యుత్తు, వెచ్చదనం వంటి ఖర్చులు మాత్రం ఉండేవాళ్లే విడిగా పెట్టుకుంటారు.

కట్టించినవాడు యాకోబ్ ఫుగ్గర్. 1459లో పుట్టి 1525లో పోయాడు. అతని తాత హాన్స్ ఫుగ్గర్ ఒక సాలె. 1367లో దగ్గరి పల్లె నుంచి ఆగ్స్‌బర్గ్‌కు వచ్చాడు. మూడో తరానికి ఆ ఇల్లు యూరప్‌లోకెల్లా పెద్ద సాహుకారు ఇల్లయింది. యాకోబ్ వెనిస్‌లో వ్యాపారం, లెక్కలు నేర్చుకున్నాడు. టిరోల్ ప్రాంతపు వెండి గనులు, హంగరీ రాగి గనులు అతని చేతికి వచ్చాయి. రాజులకు అప్పులిచ్చి, ఆ అప్పుకు బదులుగా గనుల రాబడి రాయించుకోవడం అతని పద్ధతి. "ధనికుడు" అన్న బిరుదు అతని పేరుకు అంటుకునే ఉండిపోయింది.

ధర్మం చేసినవాడి గురించి రాసేటప్పుడు అతని సంపాదన సంగతి ఎత్తకుండా దాటేయడం మన పత్రికల్లో మామూలు. ఇక్కడ అలా దాటేయలేం. 1519లో స్పెయిన్ రాజు చార్లెస్‌ను జర్మన్ చక్రవర్తిగా ఎన్నిక చేయించడానికి ఓటున్న ప్రభువులకు పంచిన సొమ్ము సుమారు 8,50,000 గుల్డెన్లు. అందులో 5,40,000కు పైగా ఫుగ్గర్లు పెట్టినదే. ఆ అప్పు తీరడం ఆలస్యమైనప్పుడు, నా సాయం లేకుంటే మీకు కిరీటం దక్కేది కాదని యాకోబ్ 1523లో చక్రవర్తికే ఉత్తరం రాశాడు. పాపాలకు శిక్ష తగ్గిస్తామంటూ చర్చి జర్మనీలో అమ్మిన పత్రాల సొమ్మును వసూలు చేసి రోముకు చేర్చడంలో కూడా ఫుగ్గర్ల చేయి ఉంది. 1517లో మార్టిన్ లూథర్ ఆ పత్రాల మీదనే తిరగబడ్డాడు. ఆ తర్వాత ఫుగ్గర్ల పేరు పెట్టి మరీ విమర్శించాడు.

వడ్డీ సంగతి మన పాఠకులకు ప్రత్యేకంగా పట్టే విషయం. ఆ రోజుల్లో క్రైస్తవ చర్చి కూడా వడ్డీని నిషేధించింది. నూటికి అయిదు చొప్పున వడ్డీ తీసుకుంటే తప్పులేదని యోహాన్ ఎక్ అనే పండితుడు 1515లో ఇటలీలోని బొలోనా నగరంలో వాదించాడు. ఆ వాదనకు ఫుగ్గర్ల అండ ఉంది. నిషేధం ఒక్కరోజులో తొలగిపోలేదు గాని, పునాది కదిలింది.

ఇంకొక సంగతి మన దేశం దాకా వస్తుంది. 1505లో ఫ్రాన్సిస్కో ద అల్మైదా నాయకత్వంలో లిస్బన్ నుంచి మన పడమటి తీరానికి పోర్చుగీసు నౌకాదళం ఒకటి బయలుదేరింది. అందులో ఆగ్స్‌బర్గ్ వర్తకులు కూడా పెట్టుబడి పెట్టారు. ఎక్కువ వాటా వెల్జర్ కుటుంబానిది, ఫుగ్గర్లది చిన్న వాటా. ఆ దళం దారిలో తూర్పు ఆఫ్రికా తీరంలోని కిల్వా, మొంబాసా నగరాలను దోచుకుంది. రెండూ ముస్లిం వర్తక నగరాలు. మొంబాసాను దోచిన తర్వాత తగలబెట్టారు కూడా. ఆ తర్వాత కన్ననూరు, కొచ్చి రేవుల్లో మిరియాలు నింపుకుని ఓడలు తిరిగి వెళ్లాయి. పెట్టుబడి పెట్టినవాళ్లకు మంచి లాభం వచ్చింది. మిరియాలకు బదులుగా పోర్చుగీసువాళ్లు మన తీరానికి మోసుకొచ్చిన సరుకుల్లో రాగి ముఖ్యమైనది. ఆ రాగిలో చాలా భాగం ఫుగ్గర్ల గనులదే.

ఇంత చెప్పాక, ఇలాంటివాడు పేదలకు ఇళ్లెందుకు కట్టించాడన్న ప్రశ్న వస్తుంది. పరలోక భయం అన్నవాళ్లున్నారు, ఊళ్లో మంచిపేరు కోసమన్నవాళ్లూ ఉన్నారు. నియ్యత్ అల్లాహ్‌కు తెలుసు. మనకు తెలిసేది అతను రాసి పెట్టిన పత్రం, కట్టించి పోయిన ఇళ్లు.

పని 1516లో మొదలైంది. శివారులో స్థలం కొన్నాడు, నగర సభతో ఒప్పందం చేసుకున్నాడు. కట్టడం పని థామస్ క్రెబ్స్ అనే మేస్త్రీ చూశాడు. 1523 నాటికి 52 ఇళ్లు లేచాయి. ద్వారాల మీద 1519 సంవత్సరం వేసి లాటిన్‌లో శిలాఫలకాలు పెట్టారు. ఉల్రిక్, గెయోర్గ్, యాకోబ్ అనే ముగ్గురు అన్నదమ్ములు, కష్టపడి పనిచేసినా పేదరికంలో ఉన్న తోటి పౌరుల కోసం 106 నివాసాలు ఇచ్చారని వాటి సారం. అన్నలిద్దరూ అప్పటికే చనిపోయారు. ఇళ్లు కట్టించినది యాకోబ్ ఒక్కడే. అయినా ముగ్గురి పేరా ఇచ్చాడు. పోయినవాళ్ల పుణ్యం కోసం వాళ్ల పేర ధర్మం చేసే అలవాటు మనకూ ఉన్నదే.

"కష్టపడి పనిచేసినా పేదరికంలో ఉన్న" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. ఆ కాలంలో పేదల కోసం చర్చీలు, నగరాలు నడిపిన ఇళ్లు లేకపోలేదు. అవి ఎక్కువగా ముసలివాళ్లకు, రోగులకు, దిక్కులేనివాళ్లకు. పొడవాటి గదిలో వరసగా మంచాలు, అందరికీ ఒకటే వంట. ఫుగ్గెరై అలాంటిది కాదు. వీధిలో బిచ్చమెత్తనివాళ్ల కోసం కట్టినది. పనిచేస్తూ, పిల్లలను సాకుతూ, ఒక జబ్బుకో ఒక చెడ్డ ఏడాదికో కుదేలయ్యే కుటుంబాల కోసం. చేయి చాపలేక ఇంట్లోనే పస్తులుండేవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో జకాత్ పంచే రోజుల్లో తిరిగినవాళ్లకు తెలుసు. వాళ్లను వెతికి పట్టుకోవడమే కష్టం.

కట్టడంలోనూ ఆ ఆలోచన కనిపిస్తుంది. ఒక్కో ఇంట్లో రెండు వాటాలు, కింద ఒకటి, మీద ఒకటి. మీది వాటాకు మెట్లు వేరు, వీధిలోకి తలుపు వేరు. ఎవరి గడప వారిదే, ఇంకొకరి గుమ్మంలోంచి నడిచి వెళ్లే పని లేదు. కింది వాటాకు వెనక చిన్న పెరడు, మీది వాటాకు అటక. వాటాలో వంటగది, కూర్చునే గది, పడకగది. వంటగదిలో రాజేసిన నిప్పే గోడ అవతల కూర్చునే గదిలోని పొయ్యినీ వెచ్చబరిచేది. కట్టెలు కొనుక్కోవడానికి కూడా లెక్కచూసుకునే కుటుంబానికి అది ఎంత పెద్ద సదుపాయమో, చలిదేశంలో ఉండి వచ్చినవాళ్లను అడిగితే చెబుతారు.

ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వీధి దీపాలు లేని కాలంలో చీకటి పడ్డాక తన తలుపు ఏదో కనుక్కోవడం కష్టం. అందుకని గంట మోగించడానికి తలుపు పక్కన వేలాడే ఇనుప పిడిని ఒక్కో ఇంటికి ఒక్కో ఆకారంలో చేశారు. చేత్తో తడిమి చూస్తే చాలు, తన ఇల్లు తెలిసిపోతుంది. ఆ పిడులు ఇప్పటికీ ఉన్నాయి.

పేటలోకి రావడానికి షరతులున్నాయి. ఆగ్స్‌బర్గ్ వాసి అయి ఉండాలి, పేదవాడై ఉండాలి, క్యాథలిక్ అయి ఉండాలి. రోజుకు మూడు ప్రార్థనలు చదివి కట్టించినవారి కుటుంబానికి పుణ్యం కోరాలి. ఎవరు చదివారు, ఎవరు చదవలేదు అని ఇంటింటికీ తిరిగి చూసేవాళ్లు ఎవరూ లేరు. మతం షరతు ఈ రోజున చదివేవాళ్లకు ఇరుకుగా తోచవచ్చు. ఆగ్స్‌బర్గ్‌లో చాలామంది ముస్లింలు, ప్రధానంగా టర్కీ నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు, ఉన్నారు. వాళ్లలోని పేదలకు అక్కడ చోటు లేదు. లూథర్ తర్వాత ఆ నగరం రెండు వర్గాలుగా చీలిపోయినప్పుడు ఫుగ్గర్లు పాత వర్గంలోనే నిలిచారు, పేటనూ అలాగే నిలిపారు. 1580ల మొదట్లో పేటలోనే సెయింట్ మార్కుస్ చర్చి కట్టించారు. దాత రాసిన షరతును తరువాతివాళ్లు మార్చకూడదన్న సూత్రం వక్ఫ్‌లోనూ ఉంది. ఆ సూత్రమే అయిదు వందల ఏళ్లుగా అద్దె పెరగకుండా కాపాడింది, ఆ సూత్రమే తలుపు అందరికీ తెరుచుకోకుండా ఆపింది. పత్రం రాసేవాళ్లు ఈ రెండో సంగతి కూడా మనసులో పెట్టుకుని రాస్తే మంచిదని నా అభిప్రాయం.

రాత్రి పదింటికి ద్వారాలు మూస్తారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఎద్దుల ద్వారం అనే ఒక్క ద్వారం దగ్గర కావలివాడికి చిల్లర చెల్లించి లోపలికి పోవాలి. అర్ధరాత్రి లోపు 50 సెంట్లు, దాటితే ఒక యూరో. అద్దె కంటే జరిమానా ఎక్కువని అక్కడివాళ్లు నవ్వుకుంటారట.

పేటలో ఉన్నవాళ్లలో అందరికీ తెలిసిన పేరు మోజార్ట్. సంగీతకారుడు వోల్ఫ్‌గాంగ్ మోజార్ట్ కాదు, అతని ముత్తాత ఫ్రాన్స్ మోజార్ట్. తాపీపని చేసేవాడు. 1681 నుంచి 1694లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. ధర్మసొమ్ముతో తలదాచుకున్న ఒక మేస్త్రీ కుటుంబం నాలుగో తరంలో ఎక్కడికి చేరిందో చూడండి. ఇల్లిచ్చిన రోజున దాత ఊహించగలిగింది కాదది.

ఇక మొదట్లో పెద్దలు అడిగిన రెండో ప్రశ్న. ఈ పేట ఎందుకు నిలిచింది?

యాకోబ్‌కు పిల్లలు లేరు. 1525 చివర అతను పోయాక వ్యాపారం అన్న కొడుకు ఆంటోన్ చేతికి వచ్చింది. ధర్మం కోసం పక్కన పెట్టిన సొమ్ము మొదట్లో ఫుగ్గర్ల వ్యాపారంలోనే ఒక ఖాతాగా ఉండేది. ఆ నగరపు పాత బిషప్పు సెయింట్ ఉల్రిక్ పేరుతో ఖాతా. దుకాణం లాభాల్లో ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. దుకాణం మునిగితే ధర్మమూ మునుగుతుంది. 1548లో ఆంటోన్ ధర్మసంస్థల నిర్వాహకాన్ని, నిధిని పద్ధతిలో పెట్టి, వ్యాపారం నుంచి విడదీశాడు. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో ముఖ్యమైన రోజు అదే. ఇళ్లు కట్టించిన రోజు కంటే కూడా. ఎందుకంటే 1557లో స్పెయిన్ రాజ్యం అప్పులు తీర్చలేనని చేతులెత్తేసింది, ఆ తర్వాత మళ్లీ మళ్లీ ఎత్తేసింది. స్పెయిన్‌కు అప్పిచ్చినవాళ్లలో ఫుగ్గర్లు ముందు వరసలో ఉన్నారు. మరో వందేళ్లకు, 17వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి, చక్రవర్తులను నిలబెట్టిన ఆ సాహుకారు దుకాణం మూతపడింది. పేదల పేట మాత్రం మిగిలింది.

కాలక్రమంలో నిధిని నగదు రూపంలో కాకుండా భూముల మీదికి, అడవుల మీదికి మార్చారు. ఇప్పుడు ధర్మసంస్థల కింద సుమారు 3,200 హెక్టార్ల అడవి ఉంది, మన లెక్కలో దాదాపు 8,000 ఎకరాలు. అడవిని నరికి అమ్మేయరు. ఏటా పెరిగినంత మేరకు కలప తీసి, ఆ రాబడితో పేట నడుపుతారు, మళ్లీ మొక్కలు నాటుతారు. మూలధనం ముట్టుకోకుండా రాబడి మాత్రమే ఖర్చుపెట్టడం వక్ఫ్ ప్రాణం. దాదాపు అదే రోజుల్లో, 1550లలో, ఒట్టోమన్ సుల్తాను సులేమాన్ భార్య హుర్రెమ్ జెరూసలేంలో పేదల వంటశాల నెలకొల్పి, దాని ఖర్చు కోసం పల్లెల రాబడిని రాసిచ్చింది. ఒకరి సంగతి ఒకరికి తెలియకపోయినా ఇద్దరూ పట్టుకున్న దారి ఒకటే.

భూమి మీద పెట్టడం ఎంత తెలివైన పనో 1923లో తేలింది. ఆ ఏడు జర్మనీలో డబ్బు విలువ ఎంతగా పడిపోయిందంటే ఒక రొట్టె ధర వేల కోట్ల మార్కులకు చేరింది. నిధిని నగదుగానో ప్రభుత్వ బాండ్లుగానో దాచుకున్న ధర్మసంస్థలు ఎన్నో ఆ దెబ్బకు తుడిచిపెట్టుకుపోయాయి. అడవి ఉన్న సంస్థకు చెట్లు మిగిలాయి.

అలాగని అయిదు వందల ఏళ్లూ సాఫీగా గడిచాయనుకోకూడదు. ముప్పయ్యేళ్ల యుద్ధంలో, 1632లో, స్వీడన్ సైన్యం ఆగ్స్‌బర్గ్‌ను పట్టుకుంది. పేటవాసులను వెళ్లగొట్టి ఇళ్లలో సైనికులను దించారు. యుద్ధం ఆ పేటను ఎంతగా పాడుచేసిందంటే, చాలా ఏళ్లు అక్కడ మనుషులు ఉండే వీలు లేకపోయింది. తర్వాత మెల్లగా బాగుచేసుకుని మళ్లీ పేదలను తెచ్చిపెట్టారు.

అంతకంటే పెద్ద దెబ్బ రెండో ప్రపంచ యుద్ధంలో తగిలింది. 1944 ఫిబ్రవరి 25 రాత్రి నుంచి 26 తెల్లవారేదాకా ఆగ్స్‌బర్గ్ మీద బాంబుల వర్షం కురిసింది. గడ్డకట్టే చలి. మంటలార్పడానికి తెచ్చిన నీళ్లు గొట్టాల్లోనే గడ్డకట్టాయి. ఫుగ్గెరైలో మూడింట రెండు వంతులు నేలమట్టమైంది, చర్చితో సహా. పేట లోపలే నేల కింద కట్టిన బంకరులో చేరిన నివాసులు బతికి బయటపడ్డారు. ఆ బంకరు ఇప్పుడు ప్రదర్శనశాల.

దాడి జరిగి వారం కూడా కాలేదు. యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. మార్చి 1న ఫుగ్గర్ కుటుంబ పెద్దల మండలి, పేటను తిరిగి కట్టాలని రాతపూర్వకంగా నిర్ణయించింది. కుటుంబానికి మిగిలిన మూడు శాఖలవారు ఆ మండలిలో ఉంటారు. నిర్ణయమైతే చేశారు గాని, డబ్బెలా, మనుషులెలా, సిమెంటెలా అన్నది ఆ రోజు ఎవరికీ తెలిసే వీలు లేదు. యుద్ధం ముగిశాక పని మొదలైంది. నిధుల్లో ముఖ్య భాగం సంస్థ అడవుల నుంచే వచ్చింది. 1950ల మధ్యకు పాత ఇళ్లన్నీ పాత నమూనాలోనే మళ్లీ లేచాయి. బాంబులకు పాడైన పక్క స్థలాలు కూడా కొని కొత్త ఇళ్లు కట్టారు. 52 ఇళ్లు 67 అయింది అలాగే.

ఇప్పుడు అక్కడ ఎక్కువగా వయసు మళ్లినవాళ్లు, చిన్న పింఛనుతో బతికేవాళ్లు, ఒంటరి తల్లులు ఉంటున్నారు. అర్జీ పెట్టుకున్నవాళ్లు తమ వంతు కోసం కొన్నేళ్లు ఎదురుచూడాలి. పగలు యాత్రికులు టికెట్టు కొనుక్కుని సందుల్లో తిరుగుతారు. ఆ సొమ్మూ ఇళ్ల మరమ్మతుకే పోతుంది. పాతకాలపు సామానుతో ఒక వాటాను చూడటానికి అలాగే ఉంచారు. మిగతా గుమ్మాల్లోకి తొంగిచూడటం మర్యాద కాదు, అవి కాపురాలున్న ఇళ్లు. సాయంత్రం యాత్రికులు వెళ్లిపోయాక కింది వాటావాళ్లు పెరట్లో కుర్చీలు వేసుకుంటారు. పదింటికి ద్వారాలు పడతాయి. ఆలస్యమైనవాళ్లు ఎద్దుల ద్వారం దగ్గర గంట కొట్టి, జేబులో చిల్లర తడుముకుంటారు.